హెడ్ విప్పే ముందు చాంబర్ విప్పండి

ప్రశ్న: నాది ఆరు సిలిండర్ల డీజిల్ లారీ. వెట్ లైనర్ల ఇంజిన్, ఎయిర్ బ్రేకులు. కిందటేడు ఇంజిన్ బోర్ పని చేయించాను. ఆ తర్వాత ఒకసారి ఫ్యాన్ బెల్టు తెగి ఇంజిన్ బాగా వేడెక్కింది. కొన్ని వారాలుగా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి. రోజంతా నడిపినా అంతగా తగ్గవు కానీ రాత్రి నిలబెడితే పొద్దునకి లీటరు దాకా తగ్గుతాయి. బయట ఎక్కడా చుక్క కారడం లేదు. ఎంతని కూలెంట్ పోస్తామని మామూలు నీళ్లే పోస్తున్నాను. మొన్న గేజీ తీసి చూస్తే ఆయిల్ మార్కు దాటి పైకి వచ్చింది, పాలు కలిపిన టీ రంగులో ఉంది. రేడియేటర్‌లో మాత్రం ఆయిల్ జిడ్డు లేదు. పొద్దున్నే స్టార్ట్ చేసినా తెల్లపొగ పెద్దగా రాదు. మెకానిక్ క్యాప్ తీసి రేస్ చేసి చూపించాడు, బుడగలు వచ్చాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ విప్పాలి అంటున్నాడు. ఇంకొకాయన బ్లాకే పగిలింది, ఇంజిన్ మార్చుకో అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఒప్పుకున్న లోడు ఒకటి ఉంది, అది దింపి వచ్చాక పని మొదలుపెట్టొచ్చా? లీకు ఆపే పౌడర్ వేస్తే కొన్నాళ్లు ఆగుతుందా?
– ఒక లారీ యజమాని

సమాధానం: ముందు లోడు సంగతి. వద్దండి. అది వేరే బండికి ఎక్కించండి. మీ బండిని షెడ్డు దాకా కూడా నడపకుండా లాగించుకు వెళ్లండి.

క్రాంక్‌కీ బేరింగుకీ మధ్య ఉండేది కంటికి కనిపించనంత పలచని ఆయిల్ పొర. బరువంతా ఆ పొర మీదే నడుస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్ ఆ పొరను నిలబెట్టలేదు. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ఇంకా పాడు చేస్తుంది. వేడికి అది ఆమ్లాలుగా మారి బేరింగు లోహాన్ని తింటుంది, ఆయిల్‌లోని అడిటివ్‌లతో కలిసి జిగురు బురదలా తయారై ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. ఇవాళ మీ ముందున్నది ఒక లీకు. ఆ లోడు దింపి వచ్చేసరికి అది క్రాంక్ పని కావచ్చు. ఇంకో కారణం కూడా ఉంది. రాత్రి కారిన నీళ్లు ఏదైనా సిలిండర్‌లో పిస్టన్ మీద నిలిచి ఉంటే, సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లు గాలిలా నొక్కితే కుదించుకుపోవు కదా. మీకు తెల్లపొగ రావడం లేదు కాబట్టి అలా జరిగే అవకాశం తక్కువే. అయినా కారణం తేలేదాకా సెల్ఫ్ ముట్టుకోవద్దు. ఇంజిన్ తిప్పాల్సి వస్తే ఇనుప బార్ పెట్టి చేత్తోనే తిప్పండి.

ఇక రోగం సంగతి. మీ మెకానిక్ చెప్పింది అసాధ్యమేమీ కాదు. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో హెడ్ (సిలిండర్ల మీది మూత) వంగడం, గ్యాస్కెట్ (ఆ మూతకూ బ్లాకుకూ మధ్య పట్టీ) పోవడం మామూలే. కానీ మీరు రాసిన లక్షణాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నా అనుమానం ముందు హెడ్ మీదికి పోవడం లేదు, లైనర్ల కింద ఉండే ఓ-రింగుల మీదికి పోతోంది. లైనర్ అంటే పిస్టన్ ఆడే గొట్టం, వెట్ లైనర్ అయితే దాని బయటి గోడకు నీళ్లు తగులుతాయి. ఆ నీళ్లు కిందికి దిగకుండా ఆపే రబ్బరు రింగే ఓ-రింగు. అది నిజమో కాదో హెడ్ బోల్టు ఒక్కటి కూడా కదపకుండా, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తేల్చుకోవచ్చు. ఎలాగో వివరంగా చెబుతాను.

దానికంటే ముందు, ఆయిల్‌లో కలిసింది నిజంగా రేడియేటర్ నీళ్లేనా అన్నది ఖాయం చేసుకోవాలి. ఆయిల్ పోసే మూత లోపల తెల్లటి నురగలాంటిది కనిపించగానే చాలామంది గ్యాస్కెట్ అనేస్తారు. చలిలో కొద్ది కొద్ది దూరాలు తిరిగే బండికి ఇంజిన్ పూర్తిగా వేడెక్కక, లోపలి తేమ మూత దగ్గర చేరి అలా కనిపిస్తుంది. గేజీ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, మూత మీద మాత్రమే నురగ ఉంటే కంగారు అక్కర్లేదు. మీ విషయంలో గేజీ మీదే రంగు మారింది, మట్టం పెరిగింది, అవతల రేడియేటర్‌లో తగ్గింది. మూడూ కలిశాయి. ఒక్క మట్టం పెరగడమే అయితే డీజిల్ కలుస్తోందేమో అని కూడా చూడాలి. నాజిల్ దగ్గరో, పంపు దగ్గరో కారిన డీజిల్ కిందికి దిగితే ఆయిల్ పలచబడుతుంది, వాసన వస్తుంది, కానీ రంగు పాలలా మారదు. ప్రెషర్ నీళ్లతో ఇంజిన్ కడిగించినప్పుడు బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) లోంచి నీళ్లు పోవడం, వరద నీళ్లలో బండి దిగడం లాంటివి జరిగాయా అన్నది కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, కాబట్టి విడిగా ఉన్న నీళ్లు అడుక్కి చేరి ముందు అవే వస్తాయి. ఆ మొదటి ధారను శుభ్రమైన గాజు సీసాలో పట్టండి. పాత కూలెంట్ రంగు కొంచెమైనా కనిపిస్తే ఇంక అనుమానం లేదు. అంతా ఆయిల్‌లో కలిసిపోయి పాలలాగే వస్తే, ఒక చుక్కను సుమారు 160 డిగ్రీల వేడి ఉన్న ఇనుప పలక మీద వేసి చూడండి. నీళ్లుంటే చిటపటలాడుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని చేయండి, చిందుతుంది. ఈ పరీక్ష నీళ్లను పట్టిస్తుంది, గ్లైకాల్‌ను పట్టించదు. ఆయిల్ పూర్తిగా దించాక ఫిల్టర్ కూడా తీసి కోయించండి. నీళ్లు తగిలిన ఫిల్టర్ కాగితం మడతలు ఉబ్బి, అలలు అలలుగా అయి ఉంటాయి. ఆ మడతల్లో మెరిసే లోహపు రజను ఉందా అని వెలుతురులో చూడండి. ఉంటే బేరింగులకు అప్పటికే దెబ్బ తగిలినట్టు.

ల్యాబ్‌లో ఆయిల్ పరీక్ష చేయించే వీలుంటే ఆ సీసా పంపండి, మంచిదే. అక్కడ నీళ్ల శాతం కంటే సోడియం, పొటాషియం అంకెలు ముఖ్యం. వేడి ఇంజిన్‌లో నీళ్లు ఆవిరై బ్రీదర్ గుండా పోతాయి, కూలెంట్ అడిటివ్‌లలోని సోడియం, పొటాషియం మాత్రం ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. మీరు మామూలు నీళ్లు పోస్తూ వచ్చారు కాబట్టి ఆ అంకెలు అసలు కంటే తక్కువగా రావచ్చు. అందుకని రిపోర్టు తక్కువ చూపిందని లీకు లేదనుకోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట, రాత్రి నిలబెడితే తగ్గుతాయి అన్నది. నీళ్ల వైపు ప్రెషర్ ఎప్పుడూ దాదాపు 1 బార్ దాటదు, క్యాప్ దాన్ని ఆపుతుంది. ఆయిల్ దారుల్లో మాత్రం నడుస్తున్నప్పుడు అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. సిలిండర్‌లో మంట మండే వేళ ఉండే ప్రెషర్ ఈ రెండిటికీ అందనంత ఎక్కువ. ఇంజిన్ ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నాకి పడిపోతుంది, సిలిండర్ చల్లబడుతుంది, నీళ్లలో మాత్రం ప్రెషర్ కాసేపు నిలిచే ఉంటుంది. అది కూడా పోయాక రేడియేటర్ ఎత్తులో ఉండటం వల్ల వచ్చే బరువు మిగులుతుంది. అంటే నడిచేటప్పుడు, ఆపినప్పుడు లీకు దిశ మారవచ్చు.

దీన్ని పట్టుకుని ఒక్కో అనుమానితుణ్ణి చూడండి. ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడితే నడిచేటప్పుడు ఆయిల్ వెళ్లి నీళ్లలో పడుతుంది, ఆపాక నీళ్లు వెళ్లి ఆయిల్‌లో పడతాయి. కాబట్టి రేడియేటర్‌లో జిడ్డు తేలాలి. మీకు తేలలేదు. లైనర్ గోడకు చిల్లు పడినా, గ్యాస్కెట్ సిలిండర్ వైపు పోయినా, రాత్రి నీళ్లు సిలిండర్‌లోకి దిగి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారతాయి. అప్పుడు పొద్దున్నే తెల్లపొగ రావాలి, స్టార్టింగ్ మొరాయించాలి. మీకు అదీ లేదు. లైనర్ కింది ఓ-రింగు అయితే? దాని ఒక వైపు నీళ్లు, ఇంకో వైపు నేరుగా చాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి. అక్కడ ఆయిల్ ప్రెషర్ ఉండదు, కాబట్టి ఆయిల్ వెనక్కి నీళ్లలోకి రాదు. పొగతో సంబంధం లేదు. చల్లారినప్పుడు రబ్బరు ముడుచుకుని ఎక్కువ కారడం, వేడెక్కాక కొంత పట్టుకోవడం కూడా చూస్తుంటాం. నడిచేటప్పుడు కారినది కొంత ఆవిరై పోతుంది. దానికి తోడు మీది కిందటేడు బోర్ చేసిన ఇంజిన్. లైనర్ దింపేటప్పుడు ఓ-రింగు మెలిపడినా, అంచు తెగినా, బ్లాకులో అది కూర్చునే చోట తుప్పు గుంటలు గీకకుండా వదిలేసినా వెంటనే బయటపడకపోవచ్చు. ఆ మీద ఒకసారి బాగా వేడెక్కింది, రబ్బరు గట్టిపడింది. ఇదీ నా లెక్క.

లెక్క తప్పే వీలు లేకపోలేదు. హెడ్ గ్యాస్కెట్ సిలిండర్ వైపు కాకుండా, నీళ్ల రంధ్రానికీ ఆయిల్ కిందికి దిగే రంధ్రానికీ మధ్య పోయినా అచ్చం ఇవే లక్షణాలు వస్తాయి. హెడ్‌లో రాకర్ కవర్ (హెడ్ పై మూత) కింద ఉండే కోర్ ప్లగ్, అంటే నీళ్ల దారి రంధ్రాన్ని మూసే బిళ్ల, కారినా అంతే. అందుకే లక్షణాలతో ఆగకుండా కళ్లతో చూడాలి.

చూడటానికి దారి కిందనుంచి. మెకానిక్‌లు చాంబర్ అనే ఆయిల్ సంప్‌ను విప్పి, నీళ్ల వైపు చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి, లోపల చుక్క ఎక్కడినుంచి పడుతోందో చూడటం. హెడ్ విప్పగానే గ్యాస్కెట్ నొక్కుడు పోతుంది, నీళ్లు దిగిపోతాయి, లీకు చూపించే వీలే ఉండదు. పాత గ్యాస్కెట్ చేతికి వస్తుంది, దాని మీద ఏదో ఒక నల్ల మరక కనిపిస్తుంది, అదే దొంగ అని తీర్పు అయిపోతుంది. కొత్త గ్యాస్కెట్ వేసి, ఫేసింగ్ చేయించి, అంతా బిగించాక నెల తిరక్కుండా గేజీ మీద మళ్లీ అదే రంగు వస్తే ఎవరిని అడుగుతారు?

పని ఇలా చేయించండి. బండిని చదునైన చోట నిలిపి చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ చల్లగా ఉండాలి. ఆయిల్ దించి చాంబర్ విప్పాలి. కొన్ని బండ్లలో ముందు యాక్సిలో క్రాస్ మెంబరో అడ్డం వస్తుంది, కొంచెం శ్రమే, అయినా హెడ్ పని కంటే తక్కువ. విప్పిన వెంటనే చూడొద్దు. పైనుంచి ఆయిల్ కారడం ఆగేదాకా గంటలకొద్దీ వదిలేయండి, రాత్రంతా అయితే ఇంకా మంచిది. తర్వాత లైనర్ల కింది అంచులు, బ్లాకు గోడలు, క్రాంక్ చుట్టూ పొడిగుడ్డతో తుడవండి. రేడియేటర్‌ను నిండా నింపి, క్యాప్ స్థానంలో చేతి పంపు బిగించి, క్యాప్ మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా కొట్టండి. అది బండిని బట్టి 0.7 నుంచి 1.1 బార్ వరకు ఉంటుంది. అంతకు మించి కొడితే రేడియేటరే పగులుతుంది, లేని లీకు కొత్తగా వస్తుంది. కింద శుభ్రమైన అట్ట పరిచి, దాని మీద సిలిండర్ల నంబర్లు రాసి పెట్టండి. చుక్క ఏ నంబరు కింద పడిందో తర్వాత వాదన ఉండదు.

ఇక ఓపిక కావాలి. మీకు రాత్రంతా నిలబెడితే లీటరు పోతోంది కాబట్టి ఎక్కువసేపు పట్టకపోవచ్చు. చిన్న లీకులకు మాత్రం పంపును అలాగే బిగించి ఉంచి, మధ్యమధ్య ప్రెషర్ కొడుతూ కొన్ని గంటలు చూడాలి. పంపు ముల్లు పడిపోతోంది కానీ కింద చుక్క లేదంటే నీళ్లు వేరే చోటికి పోతున్నట్టు.

చుక్క లైనర్ బయటి వైపునుంచి, అంటే లైనరుకూ బ్లాకుకూ మధ్య ఉన్న సందులోంచి వస్తే ఓ-రింగే. అదే లైనర్ లోపలి గోడ మీదుగా, పిస్టన్ పక్కనుంచి జారి వస్తే నీళ్లు పైనుంచి సిలిండర్‌లోకి దిగుతున్నాయి. అది గ్యాస్కెట్ కావచ్చు, హెడ్ పగులు కావచ్చు, లైనర్ గోడలో సూదిమొన చిల్లు కావచ్చు. ఈ తేడా కనిపెట్టడానికే పిస్టన్‌ను బార్‌తో తిప్పుకుంటూ, టార్చి వేసి, ఒక్కొక్క లైనర్‌ను విడిగా చూడాలి. తొందరపడే మెకానిక్‌లు తడి కనిపించగానే అదిగో అంటారు. తుడిచి మళ్లీ ఎక్కడ మొదలవుతోందో చూడమనండి.

క్యామ్‌షాఫ్ట్ వైపునుంచి, పుష్ రాడ్లు దిగే రంధ్రాల్లోంచి నీళ్లు జారితే లీకు పైన ఉంది. అప్పుడు రాకర్ కవర్ తీసి, ప్రెషర్ అలాగే ఉంచి పైన చూడండి. అక్కడ నీళ్లు నిలిచి ఉంటే హెడ్ పగులో కోర్ ప్లగ్గో. అక్కడ పొడిగా ఉండి కిందికి మాత్రం వస్తుంటే మీ మెకానిక్ మాటే నిజం, గ్యాస్కెట్. ఇంజిన్ ముందు భాగంలో టైమింగ్ గేర్ల దగ్గరినుంచి కారితే వాటర్ పంపు మీద, టైమింగ్ కవర్ మీద అనుమానం. గేర్‌తో తిరిగే వాటర్ పంపుల్లో నీళ్ల సీలుకూ ఆయిల్ సీలుకూ మధ్య ఒక చిన్న రంధ్రం ఉంటుంది. సీలు పోతే నీళ్లు దాంట్లోంచి బయటికి కారి మనకు తెలియాలి. ఆ రంధ్రం బురదతోనో పెయింటుతోనో మూసుకుపోతే నీళ్లు లోపలికే పోతాయి. ఒక తీగతో దాన్ని శుభ్రం చేసి చూడటం నిమిషం పని.

ఆయిల్ పంపు పీల్చే గొట్టంలోంచో, మెయిన్ బేరింగుల సందుల్లోంచో నీళ్లు వస్తే అవి ఆయిల్ దారిలోకి ఎక్కాయన్న మాట, అది ఆయిల్ కూలర్. ఫిల్టర్ తీసిన చోట కూడా నీళ్లు కనిపిస్తాయి. కూలర్‌ను విప్పి, ఒక వైపు మూసి, రెండో వైపునుంచి గాలి ఎక్కించి వేడినీళ్ల తొట్టిలో ముంచితే బుడగ ఎక్కడ వస్తోందో కనిపిస్తుంది. ఎంత గాలి కొట్టాలో ఆ ఇంజిన్ మాన్యువల్ చెబుతుంది.

కింద ఎక్కడా చుక్క పడలేదనుకోండి. అప్పుడు రెండు దారులు మిగులుతాయి. ఒకటి ఎయిర్ కంప్రెసర్. రెండోది వేడెక్కితేనే తెరుచుకునే పగులు.

కంప్రెసర్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ మెకానిక్ చూపించిన బుడగలకు దీనితో సంబంధం ఉండొచ్చు. ఎయిర్ బ్రేకుల కంప్రెసర్‌కు చాలా ఇంజిన్లలో నీళ్లూ ఇంజిన్‌వే, ఆయిలూ ఇంజిన్‌దే. దాని హెడ్ గ్యాస్కెట్ పోతే, గాలి నొక్కేటప్పుడు గాలి నీళ్లలోకి పోయి రేడియేటర్‌లో బుడగలు వస్తాయి. ఆపాక నీళ్లు కంప్రెసర్ సిలిండర్‌లోకి దిగి, దాని ఆయిల్ తిరిగొచ్చే దారిలో మన చాంబర్‌కు చేరతాయి. ఇంజిన్ హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే ఉంటుంది మరి. దీన్ని గుర్తించకుండా ఇంజిన్ హెడ్ విప్పిన సందర్భాలకు కొదవ లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే కొంత తెలుసుకోవచ్చు. గాలి ట్యాంకుల డ్రెయిన్ తెరిచి చూడండి. మామూలు తేమ, కాస్త ఆయిల్ నురగ వస్తే సరే. కూలెంట్ రంగు, జిగట కనిపిస్తే కంప్రెసర్ మీద అనుమానం పెంచుకోండి. నీళ్ల ప్రెషర్ ఉంచి కంప్రెసర్ నుంచి గాలి వెళ్లే పైపు విప్పి, లోపల తడి ఉందా చూడండి.

నడిపి చూసే పరీక్ష కూడా ఒకటి ఉంది కానీ, దాన్ని పాత ఆయిల్‌తో చేయొద్దు. చాంబర్ బిగించి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, నాజిల్స్ తీసి చేత్తో తిప్పి సిలిండర్లలో నీళ్లు లేవని చూసుకున్నాక, కొద్ది నిమిషాలు మాత్రమే నడపండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీసి, రేడియేటర్ నింపి, గాలి మీటరు చూస్తూ ఉండండి. గాలి నిండి గవర్నర్ కటౌట్ అయ్యాక కంప్రెసర్ గాలి నొక్కడం ఆపేస్తుంది. బుడగలు అప్పుడు ఆగిపోయి, బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి గాలి దింపగానే మళ్లీ మొదలైతే దొంగ కంప్రెసరే. కటౌట్‌తో సంబంధం లేకుండా వస్తూనే ఉంటే అది సిలిండర్ గ్యాసు. కాసేపు వచ్చి తగ్గిపోతే అది లోపల చిక్కుకున్న గాలి, అంతే. రోజూ లీటరు నీళ్లు తగ్గి మళ్లీ పోస్తున్న బండిలో గాలి చిక్కుకోకుండా ఎలా ఉంటుంది? అందుకే మీరు చూసిన బుడగల్ని నేను సాక్ష్యంగా తీసుకోవడం లేదు. రంగు మారే ద్రావణంతో గ్యాసు పరీక్ష చేసే పరికరం ఎవరి దగ్గరైనా ఉంటే వాడండి. డీజిల్ ఇంజిన్ పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి రంగు బాగా మారితే నమ్మొచ్చు, మారకపోతే మాత్రం గ్యాసు లేదని నమ్మకండి.

ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ఉన్న ఇంజిన్ అయితే దాని కూలర్ పగిలినా నీళ్లు పోతాయి. కానీ అవి ఎక్కువగా సిలిండర్ల గుండా పోయి తెల్లపొగగా బయటపడతాయి, మీ కథకు అది సరిపోదు. వేడికి తెరుచుకునే పగులు సంగతి అన్నీ కొట్టేశాకే ఆలోచించాలి. అప్పుడు హెడ్ విప్పక తప్పదు, హెడ్‌ను మెషిన్ షాపులో వేడినీళ్లలో గాలి ఎక్కించి పరీక్షించాలి. బ్లాకు పగిలిందన్న రెండో ఆయన మాట ఈ వరుసలో చిట్టచివరిది. ఎక్కడ పగిలిందో చుక్క చూపించేదాకా ఆ మాట మీద ఇంజిన్ మార్చకండి.

చాంబర్ విప్పిన రోజే ఇంకో పని కలిసొస్తుంది. ఒక మెయిన్ బేరింగు క్యాప్, ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పించి లోపలి బేరింగులు చూడండి. బూడిద రంగులో సమంగా ఉంటే బతికారు. రాగి రంగు బయటపడినా, గుంటలు, గీతలు కనిపించినా బేరింగులన్నీ మార్చాలి, క్రాంక్ కొలిపించాలి. ఆ బోల్టుల్ని మళ్లీ వాడొచ్చో లేదో కూడా మాన్యువల్ చూడండి. కొన్ని ఇంజిన్లలో అవి ఒకసారి బిగించాక సాగిపోతాయి.

ఓ-రింగే అని తేలితే హెడ్ ఎలాగూ విప్పాలి, ఎందుకంటే లైనర్ పైనుంచే బయటికి వస్తుంది. మరి ఈ తిప్పలంతా ఎందుకు అని మీ మెకానిక్ అడగొచ్చు. గ్యాస్కెట్ అనుకుని విప్పితే హెడ్ కింద పెట్టి, గ్యాస్కెట్ మార్చి మూసేస్తారు, లైనర్ల జోలికి పోరు. ఓ-రింగు అని తెలిసి విప్పితే లైనర్లు లాగుతారు. ఒక్కటే కారుతున్నా ఆరూ లాగించండి. అన్నిటికీ ఒకే రోజు, ఒకే చేత్తో ఓ-రింగులు వేశారు, అన్నీ ఒకే వేడి తిన్నాయి. బ్లాకులో ఓ-రింగు కూర్చునే చోటును వేలితో తడిమి గుంటలు చూడాలి. లోతుగా ఉంటే ఓ-రింగు మార్చినా ఫలితం ఉండదు, ఆ చోటును మెషిన్ షాపులో సరిచేయించాలి. కొత్త ఓ-రింగుకు ఏం పూయాలో కంపెనీ చెప్పిందే పూయాలి. కొన్ని రకాల రబ్బరు ఇంజిన్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. లైనర్ కూర్చున్నాక బ్లాకు మట్టం కంటే ఎంత పైకి ఉందో డయల్ గేజ్‌తో కొలవాలి. ఆ కొలత తప్పితే ఈసారి నిజంగానే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. హెడ్ వంపు, పగుళ్లు కూడా అప్పుడే చూపించండి, వేడెక్కిన హెడ్ కదా.

లాగిన లైనర్ల బయటి గోడను కూడా చూడండి. పిస్టన్ కొట్టుడుకు లైనర్ గోడ అదురుతుంది, దాని పక్కనున్న నీళ్లలో చిన్న చిన్న ఆవిరి బుడగలు పుట్టి గోడ మీదే పేలతాయి. అలా పోనుపోను లోహాన్ని గింజ గింజగా తవ్వి చివరికి చిల్లు చేస్తాయి. కూలెంట్‌లోని అడిటివ్‌లు గోడ మీద ఒక పొర ఏర్పరిచి దాన్ని అడ్డుకుంటాయి. మామూలు నీళ్లకు ఆ గుణం లేదు, పైగా అందులోని ఉప్పులు తెల్ల పొలుసుగా కడతాయి. గోడ మీద ఒకే వరుసలో సూది గుంటలు కనిపిస్తే ఆ లైనర్ మళ్లీ వేయొద్దు.

పౌడర్ ప్రశ్న ఒకటి మిగిలింది కదా. వేయకండి. మీ చిల్లు ఎక్కడో ఆ పౌడర్‌కు తెలియదు. సన్నటి దారి ఎక్కడుంటే అక్కడ చేరుతుంది, ఆయిల్ కూలర్‌లోనూ, రేడియేటర్ గొట్టాల్లోనూ, హీటర్‌లోనూ అలాంటి దారులే ఉంటాయి. లీకు కొన్నాళ్లు ఆగినట్టుంటుంది, ఇంజిన్ వేడెక్కడం మొదలవుతుంది. ఇప్పటికే వేసి ఉంటే మెకానిక్‌తో దాచకుండా చెప్పండి, కూలర్ విప్పి కడగాల్సి ఉంటుంది.

పని అయ్యాక చాంబర్, ఆయిల్ పంపు జాలీ, రాకర్ కవర్ లోపల పట్టిన జిగురంతా చేత్తో శుభ్రం చేయించండి. టర్బో షాఫ్ట్‌ను వేలితో ఊపి చూడండి, దాని బేరింగు కూడా ఇదే ఆయిల్ తాగింది. కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి తక్కువ స్పీడులో కాసేపు నడిపి, వేడిగా ఉండగానే దించేయండి. ఆ తర్వాత వేసే ఆయిల్‌ను కూడా మామూలుగా మార్చే దూరంలో నాలుగో వంతు తిరగ్గానే మార్చండి. రేడియేటర్‌లో కంపెనీ చెప్పిన కూలెంట్‌ను చెప్పిన పాళ్లలో, ఖనిజాలు తీసిన నీళ్లతో కలిపి పోయండి. మొదటి రెండు వారాలు పొద్దున్నే సెల్ఫ్ కొట్టకముందు గేజీ, రేడియేటర్ మట్టం రెండూ చూసి ఒక పుస్తకంలో రాసుకోండి. రెండిట్లో ఏది కదిలినా ఆ రోజు బండి ఆపి, చేతి పంపు బిగించి చూడండి.